బల్బు వెలిగే బోర్డుతో తొర్రూరు నుంచి హన్మకొండకు

ఆరో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠం నాకు అర్థం కాలేదు. రెండోసారి నేను పంతుళ్లకు అర్థం కాలేదు. ఇరువైపులా గౌరవంగా రాజీ పడి నేను బడి మానేశాను. పద్దెనిమిదేళ్ల తర్వాత అదే బడి నన్ను పిలిచి, హన్మకొండ పోయి పంతుళ్లకు పాఠం చెప్పి రమ్మంది. చదువు పరిస్థితి ఎంత బాగుందో దీన్నిబట్టి మీరే గ్రహించండి.

తొర్రూరులో నాది రేడియోలు బాగుచేసే దుకాణం. సైన్సు చెప్పే సోమయ్య సారు, పిల్లలు క్లాసులో నిద్రపోతున్నారని నాతో ఒక బోర్డు చేయించాడు. మూడడుగుల చెక్క. ఎడమవైపు పది ప్రశ్నలు, కుడివైపు పది జవాబులు, ఒక్కోదాని పక్కన ఒక్కో మేకు. రెండు వైర్లు చేతికి వస్తాయి. ఒకటి ప్రశ్న మేకుకు, ఇంకొకటి జవాబు మేకుకు ఆనిస్తే, జవాబు సరైనదైతే పైన టార్చిలైటు బల్బు వెలుగుతుంది. రెండు రోజుల్లో క్లాసు క్లాసంతా పదికి పది వెలిగించింది. సోమయ్య సారు సంబరానికి అంతు లేదు.

హెడ్మాస్టరు మాత్రం పెదవి విరిచాడు. "బడా, జాతరా ఇది? హన్మకొండలో పంతుళ్ల ట్రైనింగు నడుస్తాంది. అక్కడి పెద్దసారు బాగుందని కాగితం రాసిస్తే క్లాసుల ఉంటది. లేకుంటే నాలుగు కాళ్లు కొట్టిచ్చి నా చాయ్ బల్ల చేసుకుంట" అన్నాడు. బయల్దేరే ముందురోజు సాయంత్రం సోమయ్య సారుకు జ్వరం తగులుకుంది. "నువ్వే చేసినవు యాకయ్యా, నువ్వే చూపెట్టి రా. దాన్ని చాయ్ బల్ల కానియ్యకు" అని మూలుగుతూ చెప్పాడు. అట్లా బోర్డు ప్రాణం నా చేతికొచ్చింది.

పొద్దున ఆరున్నర బస్సు. బోర్డును దుప్పట్లో చుట్టి ఎక్కించాను. కండక్టరు దాన్ని కింది నుంచి పైదాకా చూసి, "దీనికి అర టికెటు" అన్నాడు.

"అన్యాయమన్నా. నాకంటె ఎక్కువ చదివింది. దానికి ఫుల్లు కొట్టి నాకు హాఫ్ ఇయ్యి" అన్నాను. ఇద్దరికీ లెక్కప్రకారమే కొట్టాడు. ఈ దారిలో బోర్డుతో పోదలచిన వారికి నా సలహా: డ్రైవరు వెనక సీటు పట్టండి. వెనకాల కూర్చుంటే రాయపర్తి చేరేలోపు మేకులన్నీ మీ మోకాళ్లలోకి దిగుతాయి.

నా పక్కన రహీం చాచా, వరంగల్ దవాఖానకు కళ్లు చూపించుకోను పోతున్నాడు. ఎదురు సీట్లో రాజవ్వ. కాశిబుగ్గలో జంపఖానాలు నేసే ఇల్లు. తొర్రూరులో బిడ్డను చూసి తిరిగిపోతోంది.

"ఏంది బిడ్డా గది, దర్వాజనా?" అంది రాజవ్వ.

దుప్పటి విప్పి గొప్పగా చూపించాను. చాచా కళ్లు చికిలించి ప్రశ్నలు, జవాబులు చదివాడు, రాజవ్వ వైర్లు పట్టుకుంది. మొదట తడబడింది. రెండోసారి సగం వెలిగాయి. వర్ధన్నపేట దాటేసరికి పదికి పది, ఆగకుండా వెలిగించింది. బస్సంతా చప్పట్లు. కండక్టరు కూడా ఒక చేయి వేసి, నాలుగింటితో సరిపెట్టుకుని టికెట్ల పనిలో పడ్డాడు.

నేను లేచి నిలబడ్డాను. "చూసిన్రా? సదువు రాని అవ్వకు గంటల సైన్సు వచ్చేసింది!"

"సైన్సెక్కడిది బిడ్డా. ఒక్క అక్షరం రాదు నాకు. పైనుంచి మూడోదానికి ఏడోది, నాలుగోదానికి ఒకటోది. జంపఖానల పువ్వు ఎన్ని పోగులకు ఎటు మల్గాల్నో గిట్లనే యాదివెట్టుకుంటం" అంది రాజవ్వ.

చాచా ఊరుకోలేదు. భుజం మీది తువ్వాల తీసి బోర్డు మీద రాతలన్నీ కప్పేసి, మేకులు మాత్రం బయట పెట్టాడు. రాజవ్వ మళ్లీ పదికి పది వెలిగించింది.

"మరి మీ బడి పిల్లలు గూడ గిట్లనేనా యాకయ్యా?" అన్నాడు చాచా మెల్లగా.

నేను కూర్చున్నాను. రెండు రోజుల్లో క్లాసంతా శాస్త్రవేత్తలు ఎట్లా అయ్యారో అప్పుడు తెలిసింది. బోర్డు వెనక ఒక్కో ప్రశ్న మేకును దాని జవాబు మేకుకు కలిపే వైర్లు నేనే సోల్డరు పెట్టి బిగించాను. అవి కదలవు, జవాబు చోటు మారదు. పెద్దసారు కూడా ఒక తువ్వాల కప్పితే చాలు. హెడ్మాస్టరు చాయ్ తాగుతూ కనబడ్డాడు నాకు, బోర్డు మీద గ్లాసు పెట్టి.

"ఎన్ని గంటలకు చూపెట్టాలె?" అని అడిగింది రాజవ్వ.

"పదకొండుకు."

"ఫికర్ చెయ్యకు. మా ఇంటికి నడువు."

ఎనిమిదీ ముప్పావుకు వరంగల్‌లో దిగాం. చాచా దవాఖాన దారి పట్టాడు. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీలు నిలబడే మింగి, రిక్షాలో రాజవ్వ, నేను, మా ఇద్దరి ఒళ్లో బోర్డు, కాశిబుగ్గ చేరాం. రాజవ్వ పెనిమిటి ఐలయ్య మగ్గం మీదనుంచి లేవకుండానే సంగతంతా విన్నాడు.

"పువ్వు మార్చాల్నంటె మగ్గం మారుస్తమా? మగ్గం గదే ఉంటది, దారమే అటిటు పోతది. నీ వైర్లను ఎందుకు కట్టేసినవయ్యా?"

పదమూడేళ్లుగా సోల్డరు పెడుతున్న మొనగాణ్ణి. వైర్లు ఊడబీకడం మొదలుపెట్టాను. చివర్లను కొక్కేల్లాగా వంచి, వెనక మేకులకు తగిలించి తీసేటట్టు చేశాను. ఏ వైరు ఏదో తెలియడానికి రాజవ్వ ఒక్కోదానికి ఒక్కో రంగు నూలు చుట్టింది. జవాబుల కాగితాన్ని పది ముక్కలు చేసి, ముందువైపు దారాలు లాగి కట్టి, వాటి కింద ముక్కలు దూర్చింది. ముక్కలు మార్చు, వెనక కొక్కేలు మార్చు, కొత్త పరీక్ష తయారు. రోజుకో తీరు.

"నూలు కత్తెరతోని వైర్లు కోస్తానవేందయ్యా, మొద్దువారిపోతది!" అని మధ్యలో రాజవ్వ కేకేసింది. అప్పటికే మొద్దుబారింది కాబట్టి మిగతా వైర్లూ దాంతోనే కోశాను.

పదకొండుకు ఐదు నిమిషాల ముందు హన్మకొండ చేరాను. హాల్లో నలభై మంది పంతుళ్లు ఉన్నారు. పిల్లలకు నిద్ర ఎందుకొస్తుందో కనిపెట్టడానికి వచ్చినవాళ్లలో సగం మంది నిద్రలోనే ఉన్నారు. పెద్దసారు కళ్లద్దాల మీదుగా చూసి, "మీరేం చదివారు?" అన్నాడు.

"రెండు ఆరో తరగతులు సార్. కలిపితే పన్నెండు."

నవ్వలేదు. ఒక బక్కపలచని సైన్సు పంతులు ముందుకొచ్చి వైర్లు పట్టుకున్నాడు. చదివి చదివి ఒకసారి పది వెలిగించాడు. రెండోసారి చదవకుండానే పది వెలిగించి, ఇంతేనా అన్నట్టు నా వంక చూశాడు. నేను బోర్డు నావైపు తిప్పుకుని, కాగితం ముక్కలు, కొక్కేలు మార్చి మళ్లీ ఆయన ముందు పెట్టాను. పంతులు చెయ్యి అలవాటుగా పాత చోటికే పోయింది. వెలగలేదు. రెండోదీ వెలగలేదు. మూడోదీ అంతే.

"నీ బల్బు మాడిపోయిందయ్యా" అన్నాడు.

"బల్బు మంచిగనే ఉంది సార్. జర చదివి పెట్టుండ్రి."

నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి నవ్వారు. పెద్దసారు స్వయంగా వచ్చి, ముక్కలు, కొక్కేలు తారుమారు చేసి, నాలుగుసార్లు వెలిగించుకున్నాడు. ఆ తర్వాత గంటసేపు బిస్కెట్ల సాక్షిగా చర్చ జరిగింది. చివరికి కాగితం మీద, "ఈ పరికరం తరగతిలో కొంతవరకు ఉపయోగపడవచ్చును" అని రాసి సంతకం పెట్టాడు. అంతకంటే ఘనంగా పొగిడితే చదువుకున్నవాళ్లకు జ్వరమొస్తుంది కాబోలు. భోజనం మాత్రం అనుమానం లేకుండా పెట్టారు, పప్పు బాగుంది.

నాలుగున్నర బస్సు పట్టుకున్నాను. పొద్దుటి కండక్టరే. ఈసారి బోర్డును తనే లోపలికి అందుకుని, టికెటు ఊసెత్తకుండా వైర్లు అడిగాడు. మామునూరు దాటేసరికి పదింటిలో ఆరు వెలిగించాడు, అదీ నిజంగా చదివి. కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను: పొద్దున వందమందిని బురిడీ కొట్టించే బోర్డుతో బయల్దేరాను, సాయంత్రం నిజం చెప్పే బోర్డుతో తిరిగొస్తున్నాను. ఒక్కరోజు ప్రయాణానికి నష్టం లేదు. జేబులో చెయ్యి పెడితే రాజవ్వ కత్తెర తగిలింది. ఇచ్చి రావడం మరిచిపోయాను.

మర్నాడు హెడ్మాస్టరు కాగితాన్ని ముందు, వెనక, వెలుతురుకు పట్టి కూడా చదివాడు. బోర్డు క్లాసులో ఉండిపోయింది. ఆయన బల్ల లేక చాయ్ ఇప్పటికీ కిటికీలోనే పెట్టుకుని తాగుతాడు.

వారం తర్వాత రాజవ్వ బిడ్డ దగ్గరికి వచ్చి, కత్తెర కోసం నా దుకాణానికి వచ్చింది. మేకు ఒకటి ఊడితే బోర్డు ఆ రోజు నా దగ్గరే ఉంది. నేను ఊరుకోకుండా, "నీ పుణ్యమాని ఇగ సదవకుంట ఒక్కడు గూడ వెలిగియ్యలేడు అవ్వా. నువ్వు గూడ!" అని వైర్లు చేతికిచ్చాను.

ఆమె మూడోదానికి ఏడోది పెట్టింది. వెలగలేదు. ఇంకోటి, ఇంకోటి. బల్బు చీకటిగానే ఉంది. కత్తెర తీసుకుని, దాని అంచు మీద వేలు రాసి చూసుకుని, కొంగులో ముడేసుకుంది.

"పరీక్ష మంచిగ చేసినవు బిడ్డా, నా బల్బు ఆర్పినవు" అంది రాజవ్వ. "మరి సదువు చెప్పేది యాడుంది? గది గూడ చేసినవా, పరీక్షొక్కటే చేసినవా?"