మా అమ్మకి తల దువ్వారా అండీ?

మా అక్క నర్సు. తాడేపల్లిగూడెం మిషన్ ఆసుపత్రిలో పాతకాలపు సిస్టర్ల దగ్గర పని నేర్చుకుని, అక్కడే చేసి, రిటైరయ్యాక ఏలూరు వచ్చి నాతో ఉంటోంది. చిన్నప్పుడు పోలియో వచ్చి నా కాలు చచ్చుబడింది. బడికి పంపలేదు. అక్కే సెలవులకి వచ్చినప్పుడల్లా బైబిలు ముందు పెట్టి నాకు చదువు చెప్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే దేవుడి కృప, ఆమె ఓపిక.

కరోనా రెండోసారి ముంచుకొచ్చినప్పుడు, పని మానేసిన నర్సులను కూడా రమ్మని ఫోన్లు చేశారు.

"అరవై దాటినదానివి, నిన్నెందుకే పిలవడం?" అన్నాను.

"పెళ్ళికూతుర్ని చేస్తారంట. రెయిన్‌కోటు లాంటిదిచ్చి అందులో దూరమంటారంట," అని నవ్వింది. అప్పటికింకా నవ్వేది.

వెళ్ళింది. ఇంటికొచ్చాక వీధిగదిలోనే ఉండేది. నేను గడప అవతల కుర్చీ వేసుకుని మాట్లాడేదాన్ని. ఆ మిషన్ ఆసుపత్రిలో సిస్టర్లకో పద్ధతి ఉండేది. మనిషి పోతే ముఖం తుడిచి, తల దువ్వి, అప్పుడే ఇంటివాళ్ళకి చూపించేవారు. ఆ అలవాటు అక్క చేతులకి పోలేదు. కరోనా వార్డులోనూ, రెండు జతల గ్లవ్స్‌తోనే, పోయినవాళ్ళకి తల దువ్వేది. ఎవరికీ చూపించేది లేకపోయినా.

"ఇవాళ ఒకావిడకి చిక్కు తియ్యడానికి చాలాసేపు పట్టిందే," అని చెప్పేది, బతికున్న మనిషి గురించి చెప్పినట్టే.

కొన్నాళ్ళకి చెప్పడం మానేసింది. శవాల్ని అంతసేపు ముట్టుకోవద్దని పైవాళ్ళు గట్టిగా చెప్పారట. అంత తీరికా లేదట. కళ్ళద్దాల లోపల ఆవిరి పట్టి ముఖాలు కనిపించేవి కావట, మంచం నంబర్లే తెలిసేవట.

ఆమె ఏ జబ్బూ లేకుండా ఇల్లు చేరింది. నేను రోజూ స్తోత్రం చెప్పుకున్నాను. అక్క మాత్రం మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ చెయ్యి గాలిలో ఆపేసి ఎటో చూసేది.

కేసులు తగ్గాక, వానలు పడుతుండగా ఒకామె గేటు తీసుకుని వచ్చింది.

"ఏవండీ, నర్సమ్మగారిల్లు ఇదేనాండీ?"

కైకలూరు అవతల కొల్లేటి లంక నుంచి వచ్చిందట. చేపల చెరువుల మీద పని. అక్క కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మా అమ్మ మీ వార్డులోనే పోయిందండీ," అంటూ తల్లి పేరు చెప్పింది. "మూట కట్టేసి ఇచ్చారండీ. ముఖం కూడా చూడనివ్వలేదు. మా అమ్మ తల దువ్వుకోకుండా గుమ్మం దిగేది కాదండీ. చేపల తట్ట నెత్తినెట్టుకోడానికైనా సరే, ముడేసుకున్నాకే. 'ఎవరు చూస్తారే నీ ముడి, చేపలా?' అని మా నాన్న ఏడిపించేవాడండీ." కొంచెం నవ్వబోయి ఆగిపోయింది. "పోయినోళ్ళకి మీరు తల దువ్వేవారని అక్కడి ఆయమ్మ చెప్పిందండీ. మా అమ్మకి దువ్వారా అండీ?"

అవునని అనెయ్యవే అని నా నోటిదాకా వచ్చింది. ఆమె అంత దూరం నుంచి వచ్చింది ఆ ఒక్క మాట కోసమే. కాని నాకు పది ఆజ్ఞలు వల్లె వేయించిన మనిషి అక్క.

"ఎప్పుడు పోయారమ్మా?"

"రేపు రంజాన్ పండగనగానండీ."

అక్క కొంగు సర్దుకుంది.

"అప్పటికి వద్దన్నారమ్మా. దువ్వలేదు."



"దువ్వానంటే మీ సొమ్మేం పోయేదండీ?" అంది ఆమె. వెంటనే, "ఏమీ అనుకోకండి. నేనే అడిగాను కదా," అని కళ్ళు తుడుచుకుంది. వెళ్ళబోతూ మెట్టు దగ్గర ఆగి, "పోయేముందు మంచినీళ్ళయినా పట్టారాండీ?" అంది.

"అందరికీ పట్టానమ్మా. చెంచాతో."

"అయితే మా అమ్మకీ పట్టుంటారు." ఆ మాట దాచుకుంటున్నట్టు తల ఆడించింది. "వస్తానండీ."

ఆ మాటైనా ఆమెకి దొరికినందుకు మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"అందరికీ అన్నానే. అందరికీ పట్టానా?"

"పట్టే ఉంటావులే అక్కా."

"నువ్వు చూశావా?"

గేటు వైపు చూశాను. ఆమె ఎక్కిన ఆటో అప్పటికే వెళ్ళిపోయింది. వెనక్కి పిలిచి ఏం చెప్తాం?

అది మొదలు అక్క బట్టలు ఆరేస్తూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో ఆ తల్లి పేరు మెల్లగా అనుకుంటూ ఉంటుంది. ఒకటికి నాలుగుసార్లు అని, చెవి ఒగ్గి, ఆగుతుంది.

"ముఖం గుర్తుకు రావట్లేదే," అంటుంది నాతో, నేనేదో చూసినదాన్నైనట్టు.