పటానికి వేసిన దండ

మా అమ్మకు రెండే భయాలు. ఒకటి, మిరపకాయలు కల్లంలో ఉండగా వాన పడటం. రెండోది, నేను పరుగెత్తటం. మొదటిదాన్ని దేవుడికి వదిలేసేది. రెండోది మాత్రం తనే చూసుకునేది.

డెబ్బైల్లో ఖమ్మంలో కాలేజీ చదువుతూ నేను రిలే జట్టులో చేరానని తెలిసిన రోజున ముదిగొండలో మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది.

"మోకాళ్లు కానొచ్చేటట్టు నిక్కరేసుకొని మగోళ్ల ముందట ఉరుకుతవా? రేపు నిన్నెవడు చేసుకుంటడే?" అంది అమ్మ.

"ఉరికి పట్టుకున్నోడు చేసుకుంటడు" అన్నాను.

చీపురు గిరగిరా తిరుగుతూ వచ్చింది. వంగాను కాబట్టి సరిపోయింది. నా నోరు ఎవరి నుంచి వచ్చిందని చుట్టాలు అడిగేవారు. ఇంకెవరి నుంచి వస్తుంది!

రిలే అంటే నలుగురం ఒకరి తర్వాత ఒకరు కర్ర అందుకొని పరుగెత్తాలి. నాది మూడో వంతు. నా చేతిలోంచి కర్ర అందుకొని చివరి వంతు పరుగెత్తే పిల్లది చండ్రుగొండ దాటి భద్రాచలం వైపు అడవిలో ఒక కోయగూడెం. బూట్లు ఇస్తే విప్పి పక్కన పెట్టి ఉత్తి కాళ్లతో పరుగెత్తేది. ఒక సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు మూటెడు ఇప్పపూలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. నన్ను తిట్టిన నోటితోనే అమ్మ దానికి కొసరి కొసరి వడ్డించింది. "నువ్వన్న చెప్పు బిడ్డా, దీన్ని ఉరకొద్దని" అని దానికే మొరపెట్టుకుంది. అది నవ్వాపుకోలేక మంచినీళ్లు మీద పోసుకుంది.

ఆ ఏడాది పెద్ద పోటీల్లో మేం నలుగురమే గెలిచాం. చూడటానికి నాన్న వచ్చాడు, మేనమామ వచ్చాడు, ఊళ్లో సగంమంది వచ్చారు. అమ్మ రాలేదు. కప్పు ఇంటికి తెస్తే అటూ ఇటూ తిప్పి చూసి, అందులో ఉప్పు పోసి పొయ్యి పక్కన పెట్టింది. పుట్టింటికి వెళ్లిన ప్రతిసారీ దాన్ని చూసి నాకు ఒళ్లు మండేది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, బళ్లో టీచరునయ్యాను. అయినా నా పరుగును అమ్మ ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదన్న కోరిక మాత్రం చావలేదు.

తొంభైల్లో ఒకరోజు కాలేజీ నుంచి కబురు వచ్చింది. పాత క్రీడాకారులను సన్మానించి, వాళ్ల ఫొటోలు ఆటల హాల్లో శాశ్వతంగా పెడతారట. పరుగెత్తిన రోజున చూడని అమ్మకు పటమన్నా చూపించాలని పట్టుబట్టాను. నిజం చెబితే ఆవిడ గడప దాటదు.

"అమ్మా, నీ కండ్లు మసకబడ్డట్టున్నయి. ఖమ్మంల దవాఖానాల చూపిద్దాం పా" అన్నాను.

"నా కండ్లకేమైందే? చేను ఆ చివర కాకి వాలినా కానొస్తది నాకు" అంటూనే బస్సెక్కింది.

కాలేజీ గేటు దగ్గర విషయం తెలిసి నన్ను నాలుగు తిట్టింది. లోపలికి రాగానే నా పాత జట్టువాళ్లిద్దరూ నా మీద పడ్డారు. "నువ్వు బాగా ఒళ్లు చేశావే" అంటే "నువ్వేమన్న తక్కువనా" అని ఒకళ్లనొకళ్లం పొడుచుకుంటూ వరండాలోనే నిలబడిపోయాం. అమ్మ మాకంటే ముందు హాల్లోకి వెళ్లింది.

"ఓ నా తల్లో! ఎవడు చేసిండు ఈ పని?"

ఆ కేకకు ముగ్గురం లోపలికి పరుగెత్తాం. గోడకు వరసగా మా పటాలున్నాయి. ఒక్కో పటానికి నిండైన బంతిపూల దండ, అద్దం మీద కుంకుమ బొట్టు, కింద అగరొత్తులు. మా ఇళ్లల్లో అలా ఎవరి పటాలకు చేస్తారో వేరే చెప్పాలా? పాపం, కొత్తగా వచ్చిన ఆటల మాస్టారు కుర్రవాడు. గౌరవంగా ఉంటుందని అన్నీ తనే దగ్గరుండి చేయించాడట.

"ఏం సారూ, నా బిడ్డ గుండ్రాయి లెక్క నా ఎంబడే వచ్చింది. దాని పటానికి దండేస్తరా? గింత సదువుకున్నోళ్లు, గీ మాత్రం తెల్వదా?" అని అమ్మ అతని మీద విరుచుకుపడింది. శాలువాలు పట్టుకొని నిలబడ్డ ముఖ్య అతిథి రెండడుగులు వెనక్కి వేశాడు. ప్రిన్సిపాల్ గారు ఏదో సర్దిచెప్పబోతే, "మీరు జర ఆ కుర్చీ పట్టుకోండ్రి" అంది. పట్టుకున్నాడు పాపం.

అమ్మ కుర్చీ ఎక్కి, నా పటం అద్దం మీది బొట్టు కొంగుతో తుడిచేసి, దండ తీసి నా మెడలో వేసింది. నా రెండు చెంపలు నిమిరి మెటికలు విరిచింది. "దండ బతికున్నోళ్ల మెడల పడాలె. నూరేండ్లు బతుకు బిడ్డా" అంది. మిగతా ఇద్దరికీ అలాగే వేసింది. హాలంతా చప్పట్లు. ఏ శాలువా కప్పినా నాకు అంత ఆనందం కలిగేది కాదు.

నాలుగో పటం మీదికి చెయ్యి చాపేసరికి నేను ఆపాను. "అమ్మా, అది ఉండనీ" అన్నాను. ఆ పిల్ల జ్వరమొచ్చి పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. అమ్మకు చెప్పలేదు నేను.

"ఇప్పపూలు తెచ్చిన పిల్లనా?" అంది. అవునన్నాను. దండ వంకర లేకుండా సర్ది, నెమ్మదిగా కుర్చీ దిగింది.

అప్పుడు తీరిగ్గా చూసింది నా పటాన్ని. కర్ర పట్టుకొని, జడ గాల్లో, రెండు కాళ్లూ నేలకు తగలకుండా ఉన్నాను.

"ఇది నువ్వేనానే?"

"కాదు, పక్కింటామె" అన్నాను.

నవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని గ్రౌండులోకి లాక్కెళ్లింది. "ఏదీ, ఒక్కసారి ఉరుకు. చూస్త" అంది.

పట్టుచీర, మెడలో దండ, నలభై దగ్గరపడ్డ ఒళ్లు. సిగ్గుతో చచ్చాను గానీ వద్దనలేకపోయాను. కుచ్చిళ్లు ఎగదోపి, చెప్పులు విప్పి, ఆ చివరి నుంచి ఆవిడ దాకా పరుగెత్తాను. బంతిపూలు దారంతా రాలాయి. రొప్పుతూ వెళ్లి అమ్మ భుజం పట్టుకున్నాను.

"ఎట్లుంది?" అన్నాను.

చేను చివరి కాకిని చూడగల మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఏం కానొస్తదే నాకు? కండ్లు మసకలని నువ్వే అంటివి గద. మళ్లొక్కసారి ఉరుకు" అంది.