చలికి టైమింగ్ మార్చిన వ్యాను

పాడేరు చలికి మా పాత డీజిల్ వ్యాను పొద్దున్నే స్టార్టవ్వడం లేదు. తెల్ల పొగ వదిలి ఆగిపోతోంది. చిక్కుడుకాయలు కొండ దిగి పట్నంలోని పూర్ణా మార్కెట్‌కు చేరేసరికి బేరాలు అయిపోతున్నాయి. ఈ రోజు పట్నంలోనే, మద్దిలపాలెంలో మెకానిక్‌కు చూపించాను. డీజిల్ కాస్త ముందుగా పడేలా పంపు తిప్పి టైమింగ్ మార్చాడు. స్టార్ట్ చేస్తే ఇంజను టకటకా కొట్టుకుంది.

“ఇదేటి బావా, ఇలగ మోగుతాంది?” అన్నాను.

“ఇక్కడి ఎండకి మోగుతాది బావా. సలికి సెట్ సేసినాను. పాడేరులో సూడు.”

“అయితే నాతో రా. తెల్లారి నువ్వే స్టార్ట్ సేద్దువు.”

“అమ్మో! ఆ సలికి నానెక్కడ లెగుస్తాను?”

ఇప్పుడే పాడేరు చేరాను. రేపటి లోడు ఎక్కించేశాం. మెకానిక్‌కు తన పని మీద నమ్మకం ఉంది, నాకు ఇంకా కుదరలేదు. ఇక్కడ పెందలాడే లేచేవాళ్లుంటే చెప్పండి, తోయడానికి ఒకరిద్దరు కావాలి.