ఎక్కింది నలభై ముగ్గురు, దిగింది పద్దెనిమిది

పన్నెండేళ్లుగా బస్సు కండక్టర్‌ని. దెయ్యాలంటూ తోటివాళ్లు చెప్పేవి విని నవ్వడమే తప్ప ఒక్కటీ నమ్మలేదు. ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడింది అందుకే.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, రోడ్డు దిగి ఐదు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక ఊరు. ఎన్నో ఏళ్లుగా దానికి బస్సు లేదు. బడికైనా ఆసుపత్రికైనా రోడ్డు దాకా నడవాల్సిందే. అర్జీలు పెట్టీ పెట్టీ చివరికి ఒక్కరోజు ట్రయల్ బస్సు సాధించుకున్నారు. నలభై మందైనా ఎక్కితేనే ఖాయం చేస్తామని డిపోలో అన్నారు. ఆ డ్యూటీ నాకూ, డ్రైవర్ మస్తాన్‌కూ పడింది.

ఉదయం పది గంటలకు మేం వెళ్లేసరికి డప్పుల మోత! బస్సుకు బంతిపూల దండ వేసి టెంకాయ కొట్టారు. ఆ సందడికి నాకూ ఒళ్లు పులకరించింది. అర్జీలు రాసిన పెద్దాయన ఈరన్న ముఖంలో మాత్రం దిగులు.

"సగం ఊరు సుగ్గికి పోయిందమ్మా, గుంటూరు పక్క మిరప్పండ్లు కోసేకి. నలభై మందిని యాడ తెచ్చేది?"

"ఉన్నోల్లను ఎక్కించప్పా, చూద్దాం" అన్నాను.

ముందు ముసలివాళ్లు ఎక్కారు. తర్వాత వెనక వాకిలి నుంచి ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. సీట్లు నిండాయి, మిగిలినవాళ్లు నిలబడ్డారు. ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి ఒక్కొక్కరి ఆధార్ కార్డూ చూసి టికెట్ కొట్టాను. చేతికి గుడ్డ చుట్టుకున్న ఒకామె పేరు నరసమ్మ.

"రోజూ వస్తాదా అక్కా ఈ బస్సు?" అని అడిగింది.

"మీరంతా ఎక్కితే ఎందుకు రాదు!" అన్నాను.

టికెట్ మెషిన్ చూస్తే నలభై మూడు! ఆ సంతోషంలో డ్రైవర్ దాకా వెళ్లి "మస్తానన్నా, గెలిచినాం!" అని అరిచాను.

ఎమ్మిగనూరు బస్టాండులో వెనక వాకిలి తెరవకుండా, ముందు తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది దిగారు. లోపలికి తొంగి చూస్తే బస్సు ఖాళీ. దారిలో ఎక్కడా ఆపలేదు. వెనక సీట్ల కింద మిరపకాయ తొడిమలు పడి ఉన్నాయి.

ఈరన్నను అడిగాను. "ఎక్కింది మేమే గదమ్మా, పద్దెనిమిది మందిమి" అన్నాడు.

మస్తాన్ ముఖం పాలిపోయింది. "అక్కా, అద్దంలో నేనూ చూసినా. జనం నిలబడుకోనుండిరి. బండి కూడా బరువుగా లాగింది."

రిపోర్టు ముందు పెట్టుకుని మెషిన్ మళ్లీ చూశాను. టికెట్లు కొట్టింది నా చేతులే. నలభై మూడని రాశాను. వారంలో ఆ ఊరికి బస్సు ఖాయమైంది, డ్యూటీ కూడా మాకే పడింది.

ఉగాదికి సుగ్గికి పోయినవాళ్లు తిరిగొచ్చారు. ఆ ఊళ్లో బస్సెక్కుతున్న ఒకామెను చూడగానే గుర్తుపట్టాను. నరసమ్మ! ఆ మొదటి రోజు ఎక్కినావు కదా అంటే ఆశ్చర్యపోయింది.

"నేనా? అప్పుడు గుంటూరులో ఉంటినక్కా." కాసేపు నన్నే తేరిపార చూసింది. "అయినా నిన్ను చూసినా. ఒగ పొద్దు చేన్లో కునుకు పట్టింది. ఊరికి బస్సొచ్చిందని కల. అలిసిపోయినావు కూకోమని నీ సీటు నాకిస్తివి."

నిజమే, ఆ రోజు నా సీటు ఆమెకిచ్చాను. ఆ మాట మస్తాన్‌కు కూడా చెప్పలేదు.

గుంటూరులో ఉన్న మనిషి నా బస్సు ఎలా ఎక్కింది? మిగిలిన ఇరవై నాలుగు మంది ఎవరు? ఇప్పటికీ నాకు తెలియదు. చిత్రంగా, ఆమె మాట విన్నాక కూడా భయం మాత్రం వేయలేదు. టికెట్ కొట్టి ఆమె చేతిలో పెట్టాను. వేళ్లు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి.