ఉన్ని ఉన్న గొర్రె తోలు

నేను దిద్దిన ఆఖరి తప్పు ఒక పశువుల డాక్టరు రాసిన చీటీలోది. అది తప్పు కాదని తేలడానికి ఒక జొన్నల బస్తా, ఒక గుర్రం వీపు, మా ఆయన నడుము బలి కావలసి వచ్చింది.

మాది కొల్లాపూర్. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయి మేము నాగర్‌కర్నూలు వాళ్లమైన కొత్తలోనే నేనూ బడి నుంచి విడిపోయాను. తెలుగు పంతులమ్మకు పదవీ విరమణ అంటే పదవి పోతుంది గానీ విరామ చిహ్నాలు పోవు. శుభలేఖ చేతికొస్తే ముహూర్తం కన్నా ముందు ముద్రారాక్షసాలు చూస్తాను. కిరాణా కొట్టు బోర్డు మీద ఒత్తు తప్పితే నాకు ఒళ్లు మండుతుంది. ఎర్ర సిరా పెన్ను నా చేతి సంచిలో తాళాల గుత్తి పక్కనే ఉంటుంది.

మా పెరటి గోడకు అవతల చాచా ఉంటాడు. ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ఆయన చాచాయే. ఆయనకొక తెల్ల గుర్రం, ఆడది. చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంటి పెళ్లికొడుకైనా, ఏ దేవుణ్ని మొక్కేవాడైనా, దాని వీపెక్కే పెళ్లికి పోవాలి. చాచా దాన్ని పేరు పెట్టి పిలవడు. "బిడ్డా" అంటాడు, అంతే.

ఆ ఏడు మాఘమాసం పెళ్లిళ్లు అయ్యేసరికి దాని మెడ దిగి వీపు మొదలయ్యే ఎత్తు మీద, జీను రాపిడికి పుండు పడింది. చాచా రెండు నెలలు జీను ముట్టలేదు. వేపాకు నీళ్లతో కడిగి, పసుపు అద్ది, ఈగలు తోలుతూ కూర్చున్నాడు. పుండు ఎండి పైన లేత చర్మం వచ్చింది. వైశాఖంలో ఒక పెళ్లికి మాట ఇచ్చి ఉన్నందువల్ల గుర్రాన్ని పశువుల దవాఖానకు నడిపించుకుపోయి, డాక్టరు చేత చీటీ రాయించుకుని నేరుగా మా గడపకు వచ్చాడు. చాచాకు ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు.

"టీచరమ్మా, జర గీ చీటీ చదువు. డాక్టర్ సాబ్ చెప్పిండు గని, సగం నా చెవులకు వోయింది, సగం నా బిడ్డ చెవులకు వోయింది."

చదివాను. జీను కింద గోనె పట్టా వద్దు. ఉన్ని ఉన్న గొర్రె తోలు వేయాలి. పుండు మళ్లీ రేగితే ఇక మనుషులను ఎక్కించవద్దు.

"మల్ల లేస్తె నేనే ఎక్కియ్య," అన్నాడు చాచా. "శంషాబాద్ దిక్కు ఫామ్‌హౌస్ ఆయన ఒకాయన అడుగుతాండు. ఇచ్చేస్త. గడ్డి మేసుకుంట మంచిగుంటది. దాని వీపు పగులుతాంటె చూసుడు నాతోని కాదు." ఆయన నవ్వుతూనే అన్నాడు. అంటున్నప్పుడు గుర్రం ఆయన భుజం మీద గడ్డం ఆనించి మా గుమ్మంలోని తులసి చెట్టును చూస్తోంది.

నేను మాత్రం చీటీని చూస్తున్నాను. "ఉన్ని ఉన్న గొర్రె"! పునరుక్తి దోషం. గొర్రె అంటేనే ఉన్ని కదా? "నీళ్లున్న చెరువు" అన్నామంటే మా పాలమూరులో దానికో అర్థముంది. ఇదేమిటి? చెయ్యి ఊరుకోలేదు. "ఉన్ని ఉన్న" అనే రెండు మాటలనూ ఎర్ర గీతతో కొట్టేశాను. గొర్రె తోలు తెచ్చే పూచీ కూడా నాదేనన్నాను. దిద్దిన వాళ్లకు ధైర్యం ఎక్కువ.

మర్నాడు మటన్ కొట్టుకు పోయి, "గొర్రె తోలు కావాలి" అన్నాను. కొట్టతను కత్తి ఆపి, "కూరకేనా మేడం?" అని అడిగాడు. నా దగ్గర చదువుకున్నవాడే. చదువు అంతంతమాత్రంగా అబ్బిందని ఎప్పటినుంచో నా అనుమానం. ఉప్పు రాసి పెట్టిన తోలు ఒకటి పాలిథీన్ సంచిలో చుట్టి ఇచ్చాడు.

మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిన మనిషి. సంచి విప్పగానే ముక్కు మూసుకున్నాడు.

"ఏందే గీ వాసన? పక్కింట్ల ఎవలన్న పోయిన్రా?"

"గొర్రె తోలు. గుర్రానికి."

"ముప్పై ఏండ్లు పోరగాండ్ల తోలు తీసినవు. సాలలేదా?"

నేను పట్టించుకోలేదు. గుర్రానికీ గొర్రెకూ ఉన్న తేడా రెండు గుణింతాలేనని, ఆ రెండూ నాకు వచ్చునని నా ధీమా. తోలును మరిగే నీళ్లలో బట్టల సబ్బు పొడి వేసి నానబెట్టాను. చీపురుతో రుద్దాను. మిద్దె మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాను. చైత్రమాసపు ఎండ అది. సాయంత్రానికి తోలు రాళ్లతో సహా పైకి లేచి, నూనెలో వేయడమే తరువాయిగా అప్పడమై నిలబడింది. దాని మీది బొచ్చు ఎర్రగా, పొట్టిగా, మేకపిల్ల వీపులా నున్నగా ఉంది.

చాచా దాన్ని అటూ ఇటూ నిమిరి చూశాడు. "మా తాతల కాలంల గొర్రె తోలు గిట్ల ఉండకపోవునే. వేళ్లు పెడితె ముణిగేటియట."

"అన్నీ తగ్గిపోయాయి చాచా," అన్నాను, నా తల మీద మిగిలిన వెంట్రుకలను సర్దుకుంటూ.

"చీటీల గిట్లనే రాసిండా?"

"గొర్రె తోలు అనే ఉంది."

అబద్ధం కాదు. నేను కొట్టేయగా మిగిలింది అదే. చాచా కాగితానికి తలవంచే మనిషి, ఇంకేమీ అడగలేదు. మనిషిని మాత్రం ఎక్కించనన్నాడు. ముందు బరువు పెట్టి చూద్దామన్నాడు. మా ఇంట్లోంచి సగం బస్తా జొన్నలు తెచ్చాం. తోలు పరిచి, జీను వేసి, కడుపు కింద పట్టీ బిగించాక మా ఆయన బస్తా ఎత్తి జీను మీద పెట్టాడు. ఆ ఎత్తడంలోనే ఆయన నడుము "కలుక్కు"మంది.

"రైట్, రైట్," అన్నాడు అయినా. అలవాటు.

గుర్రం నాలుగడుగులు వేసింది. అయిదో అడుగుకు జీను పక్కకు ఒరిగింది. తోలు మీద తోలు, బొచ్చు మీద బొచ్చు, అంతా జారుడు బండ. బస్తా, జీను, అప్పడం మూడూ కలిసి కడుపు కిందికి తిరిగిపోయాయి. బస్తా మూతి విప్పుకుంది. గుర్రం ఆగి, కాళ్ల మధ్య పడ్డ జొన్నలు నింపాదిగా తినడం మొదలుపెట్టింది.

"హోల్డాన్!" అని మా ఆయన నడుం పట్టుకుని అరిచాడు. ఎవరికి అరిచాడో ఇప్పటికీ తెలియదు.

నవ్వాం. చాచా కూడా నవ్వాడు. నవ్వుతూనే జీను తీసి చూసి ఆగిపోయాడు. లేత చర్మం మీద రూపాయి బిళ్లంత మేర పైపొర లేచి ఎర్రగా ఉంది. రక్తం లేదు. ఉంటే నాకు అంత భయమేసేది కాదేమో. చాచా పసుపు డబ్బా తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లాడు. గుర్రం జొన్నలు నములుతూ నన్ను చూసింది.

ఆ వారం చాచా గోడ మీదుగా పలకరించాడు గానీ, ఏదీ చదవమని అడగలేదు. ఒక పూట ఫోన్లో ఎవరితోనో "పెండ్లి ఒడిసినంక మాట్లాడుకుందాం సాబ్" అంటుండగా విన్నాను. శంషాబాద్ సాబే. చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. తీసి చూశాను. నేను కొట్టేసిన రెండు మాటలు ఎర్ర గీత కింద నుంచి చక్కగా కనిపిస్తున్నాయి. డాక్టరు దస్తూరీ నాకన్నా బాగుంది.

ఉన్ని సంగతి తెలిసినవాళ్లనే అడుగుదామని, ఆ అప్పడం చంకన పెట్టుకుని మా ఆయనతో కలిసి బస్సెక్కాను. ఆయన నడుముకు తువ్వాలు కట్టుకుని వచ్చాడు. కృష్ణ ఒడ్డు దిక్కున ఒక పల్లెలో, నల్ల గొర్రెలు ఇంకా మేపుతున్న ముసలి కురుమ తాత ఉన్నాడని కండక్టర్ల మధ్య వాడుక. గొంగడి నేసే ఇల్లు అని అడిగితే చూపించారు. తాత వాకిట్లో కూర్చుని సంకటి తింటున్నాడు. నా చేతిలోని తోలును చూడగానే ముద్ద ఆపాడు.

"గిది ఏ దిక్కు గొర్రె తల్లీ?"

"మా ఊరి మటన్ కొట్టుది తాతా."

"గది ఉన్ని లేని గొర్రె. గీ నడుమ కోస్తా దిక్కు నుంచి లారీలల్ల దిగినయి చూడు, ఆ జాతి. కూరకు మంచిగుంటది. కని దాని ఒంటి మీద బొచ్చే, ఉన్ని గాదు. మన నల్ల గొర్రె గొంగడి కప్పుకొనే పుడతది."

ఉన్ని లేని గొర్రె! ముప్పయ్యేళ్లు పిల్లలకు విశేషణాలు చెప్పినదాన్ని, ఒక విశేషణం ఎందుకుంటుందో గొర్రెలు కాసే మనిషి దగ్గర నేర్చుకున్నాను. తప్పు జీనుది కాదు, గొర్రె జీన్సుది. ఆ పైన నాది.

"చీటీల ఉండె తాతా. మా ఆమెనే కొట్టేసింది," అన్నాడు మా ఆయన. భార్యను పట్టివ్వడంలో ఆయన ఎప్పుడూ ఆలస్యం చేయలేదు.

తాత చెయ్యి కడుక్కుని లేచాడు. తను కూర్చున్న దాన్నే కింది నుంచి లాగి దులిపాడు. నల్లటి గొర్రె తోలు. "తంగేడు చెక్కతోని పదును చేయించిన. ఏలు పెట్టు."

పెట్టాను. రెండో కణుపు దాకా మునిగింది.

"ఉన్ని కత్తిరిచ్చినంక మూడు నెల్లకు కోసిన గొర్రెది. మరీ పొట్టిగుంటె వీపుకు ఆనది, మరీ పొడుగుంటె ఉండలు కడతది. గిట్ల పాయ తీసి చూడు, అడుగున చర్మం తెల్లగ ఉండాలె. ఇంక గిట్ల," అని తోలును ఎండకు ఎత్తి పట్టాడు. "ఎల్తురు యాడనన్న సూది మొన లెక్క కనవడితె కత్తి గాటు పడ్డట్టు. ఆడనే చినుగుతది."

వెలుతురు ఎక్కడా కనపడలేదు.

"మరి నువ్వెట్ల కూచుంటవు తాతా?"

"నీ చేతిల ఉన్నది ఇచ్చిపో. జారితె జారనీ, నేల మీద కూచున్నోడు ఇంకేడికి పడతడు?"

తోలు ఇచ్చాక దాన్ని ఎలా చూసుకోవాలో తాత ఇంటి అవ్వ చెప్పింది. వేడి నీళ్లు చూపించొద్దు. సబ్బు పొడి వద్దు, కుంకుడు రసం చాలు. పిండొద్దు, వత్తాలి. నీడన ఆరేయాలి. సగం ఆరినప్పుడు దువ్వాలి, పూర్తిగా ఆరినాక దువ్వితే ఉన్ని ఊడొస్తుంది. చెమటతో తడిసిన తోలును మడత పెట్టి మూల వేస్తే పురుగు పడుతుంది. నేను ప్రతిదానికీ తలూపుతుంటే ఆమె మా ఆయనతో, "గీ అమ్మ అన్నీ ఉల్ట జేసినట్టున్నది గదా?" అంది. ఆయన వేలు ఎత్తి, ఒకటి కూడా వదలలేదన్నాడు.

చాచాకు నేనే చెప్పాను. చీటీ ముందు పెట్టి, రెండు మాటలు కొట్టేసింది నేనేనని, అవే అసలు మాటలని. ఆయన చాలాసేపు తోలులో వేళ్లు ముంచుతూ తీస్తూ ఉన్నాడు.

"మల్ల రాయి టీచరమ్మా."

ఎర్ర గీతల పైన మళ్లీ "ఉన్ని ఉన్న" అని రాశాను. జీవితంలో ఎవరి రాతనూ అంత శ్రద్ధగా కాపీ కొట్టలేదు.

తోలు ఎలా వేయాలన్నది ఇంకో తగువు. పెళ్లికొడుకు మెత్తగా కూర్చుంటాడని ఉన్ని పైకి ఉండాలని నేను. "కూసున్నోనికి గాదు, మోసెటిదానికి," అని చాచా ఉన్నిని గుర్రం వీపు వైపుకు తిప్పాడు. నడిమి మీద బరువు పడకుండా తోలును నిలువునా రెండుగా కోసి, రెండింటి నడుమ నాలుగు వేళ్ల సందు వదిలి పట్టీలతో కుట్టించాడు. ఆ సందులోంచి గాలి ఆడుతుంది. పెళ్లి దాకా రోజూ పొద్దున నా పని దువ్వెనతోనే. నా తలకు రెండు నిమిషాలు, దానికి అరగంట.

పెళ్లి ముహూర్తం పగటిపూట. విడిది నుంచి ఫంక్షన్ హాలు దాకా ఊరేగింపు. వరుడు బరువుడు. ఆయన ఎక్కుతుంటే చాచా కళ్లు మూసుకున్నాడు. నేను జీను పక్కనే, తోలు అంచు మీద చెయ్యి వేసి నడిచాను. డీజే చప్పుడుకు నా పళ్లు కదిలాయి. గుర్రం మాత్రం చెవులు వాల్చి, జొన్నల బస్తా రోజున ఉన్నంత తాపీగానే ఉంది. పట్టుచీర కట్టిన ఒకావిడ నా పక్కకు వచ్చింది.

"పిలగాని తల్లివా అక్కా?"

"కాదమ్మా. నేను గుర్రం తరఫు."

ఆవిడ తలూపి, "భోజనాలు ఆ దిక్కు," అంది.

పెళ్లికొడుకు దిగాడు. చాచా గుర్రాన్ని హాలు వెనక ఖాళీ జాగాలోకి నడిపించాడు. పట్టీ వదులు చేశాడు. జీను తీయలేదు. నన్ను చూశాడు.

"నా కండ్లకు మసక. నువ్వే చూడు."

తీశాను. తోలు చెమటకు రెండు పక్కలా ఒకే మేర తడిసింది, బరువు సమంగా పడ్డట్టే. నడిమి సందు పొడిగా ఉంది. పుండు మానిన చోట చర్మం లేత గులాబీగా, చెక్కు చెదరకుండా ఉంది. నా కళ్లను నేనే నమ్మక ఇంకోసారి వంగి చూశాను. తరగతి గదిలో ఎన్నడూ జరగలేదు ఇలా. చాచా నా ముఖం చూసి ఏమనుకున్నాడో, తనే అరచేయి తెచ్చి అక్కడ అదిమాడు. గుర్రం ఉలకలేదు.

చాచా కళ్లెం పూర్తిగా విప్పేశాడు. గుర్రం నేలను వాసన చూసి, ముందుకాళ్లు మడిచి కూలబడి, ఒక్కసారిగా వెల్లకిలా తిరిగింది. నాలుగు కాళ్లూ ఆకాశంలోకి ఎత్తి ఎర్ర మట్టిలో అటూ ఇటూ దొర్లింది. పొద్దున షాంపూ పెట్టి కడిగిన తెల్ల గుర్రం అది.

"పుండు పడ్డకాంచి పొర్లలే," అన్నాడు చాచా మెల్లగా. "మాఘం నుంచి."

అప్పుడే ఫొటోగ్రాఫరు పరుగెత్తుకొచ్చాడు. పెళ్లికొడుకుతో, పెళ్లికూతురుతో గుర్రం ఫొటో ఇంకొకటి కావాలట, ఐదు నిమిషాల పనట. మట్టిలోంచి లేచిన నాలుగు గిట్టలను చూసి నోరు తెరిచి నిలబడ్డాడు.

చాచా చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు భయ్యా. బిడ్డ పొర్లుతాంది."