ఒంటిగంటా పదికి హొన్నమ్మ

"రాసుకుంటివా పాపా? గాలి పడమట నుంచి. బీడీ గాలి. బీడీ ఆరదు, పొగ మాత్రం తిరిగొచ్చి మన మొహానికే కొడతాది."

"రాసుకున్నా తాతా. స్పీడెంత?"

"చెప్తి కదమ్మా, బీడీ స్పీడు. ఇంగ గొంగడి. పొద్దున్నే ఎత్తి చూస్తే బరువే లేదు. గాల్లో తడి లేదని రాసుకో. కాకులు రెండు. ఒకటి కుంటిది."

"కాకులకి కాలమ్ లేదు తాతా."

"లేకపోతే గీసుకో."

చిక్కన్నకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఆకాశం కింద జరిగేదంతా రాయాలి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి. వాన, గాలి, ఎండ మాత్రమే అయితే ఎవరూ ఏమీ అనరు. ఆయన మనుషుల్ని కూడా వాతావరణంలోనే చేర్చేశాడు. తమ్ముడి కొడుకు నరసింహప్ప పెళ్ళిపత్రిక తెస్తే నోటుబుక్కులో ఇట్లా రాసుకున్నాడు: "నరసింహప్ప. దక్షిణం నుంచి. చెమటతో. పది నిమిషాలు ఉండి తగ్గిపోయినాడు." పెళ్ళికి మాత్రం పోలేదు. ఆ రోజు మబ్బు పట్టింది, వదిలిపెట్టి పోతే ఎట్లా?

తిరుమణికీ రాయచెర్లుకూ నడుమ సోలారు పార్కులో అందరూ భూములు లీజుకిచ్చారు, చిక్కన్న రెండెకరాలు తప్ప. వద్దనలేదు పాపం. కాగితాలు తెచ్చినవాళ్ళు సంతకం అడిగేసరికి ఆయన సీసాలో వాన కొలుస్తున్నాడు. "వాన నిలిచినాక" అన్నాడు. ఆసారి వాన మూడు రోజులు నిలవలేదు. వాళ్ళు విసిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాలుగు వైపులా ప్యానెల్లు లేచాయి. నడుమ ఒక బండ, బండ మీద రాతి ఇల్లు, ఇంటి ముందు చిక్కన్న. కంపెనీ మ్యాపులో ఆ చోటికి 'ఐలాండ్' అని పేరు పెట్టారు.

అవతల మూడు కిలోమీటర్ల దూరంలో, కంట్రోల్ రూమ్‌లో ఫోను పట్టుకుని రాసుకునే పిల్ల మోనిక. కంపెనీ గాలి మిషను దూరంగా ఉంది కాబట్టి, ఐలాండ్ దగ్గరి గాలి సంగతి ఆయన్నడిగి రాసుకోమన్నారు. రాయచెర్లు పిల్ల. సెల్‌ఫోన్‌లో చూసి చూసి తనంతట తానే కంప్యూటరు నేర్చుకుంది. వినని అంకె రాయదు, విన్న అంకె మార్చదు. రెండేళ్ళుగా రోజూ మూడుసార్లు వింటోంది కానీ, చిక్కన్నను కళ్ళతో చూడలేదు. ఆయన గాలులకు అర్థాలు ఒక కాగితం మీద రాసి స్క్రీను పక్కన అంటించుకుంది: అగ్గిపుల్ల గాలి, బీడీ గాలి, తుండుగుడ్డ గాలి, పంచె గాలి, రేకు గాలి.

"పంచె గాలంటే ఎంత తాతా?"

"మర్యాద పొయ్యేంత."

దాన్ని ముప్పై కిలోమీటర్లని వేసుకుంది.

రేకు గాలికి ఒక కథ ఉంది. పోయినేడు ఎండాకాలంలో సుడిగాలి వస్తోందని చిక్కన్న కేకలేస్తే ఎవరూ పట్టించుకోలేదు. అది షెడ్డు రేకును ఊడబెరికి, గాల్లో మూడు చుట్లు తిప్పి, సరిగ్గా మేనేజరు బైకు మీద పడేసింది. మనుషులకేమీ కాలేదు, బైకు మాత్రం రెండయింది. మర్నాడే రూలు వచ్చింది. సుడిగాలి వస్తోందని చిక్కన్న ఫోను చేస్తే చాలు, సైరన్ మోగించాలి. ప్యానెల్లు తుడిచే ఆడవాళ్ళంతా పని ఆపి, నలభై నిమిషాలు ప్యానెల్లు లేని జాగాలో కూర్చోవాలి.

ఆ సుడిగాలికి చిక్కన్న పెట్టిన పేరు హొన్నమ్మ.

"హొన్నమ్మ బయల్దేరింది పాపా. ఏడో బ్లాకులో ఉండాది. సైరన్ కొట్టు."

మొదటిసారి విన్నప్పుడు మోనిక రాయడం ఆపేసింది. ఏడో బ్లాకు ఉన్న నేల హొన్నమ్మ శెనక్కాయల చేను. ప్యానెల్లు రాకముందే పోయిందామె. బతికినన్నాళ్ళూ చేతిలో కట్టెతో చిక్కన్న గొర్రెల వెంటపడింది.

"చచ్చిపోయినామె పేరెందుకు తాతా?"

"ఆమె నడకే కదమ్మా అది. కొంగు విసురుకుంటా, దుమ్ము లేపుకుంటా, వంకర్లు తిరుక్కుంటా. వేరే పేరెట్ల పెట్టేది?"

హొన్నమ్మ రోజూ ఒంటిగంటా పదికి వచ్చేది. నిమిషం తేడా లేదు. ఉగాది దాటినాక మొదలుపెట్టి వానలు పడేదాకా వచ్చేది. మబ్బు పట్టిన రోజు మాత్రం రాదు. ఆదివారం రాదు.

ఈ ఆదివారం సంగతి మేనేజరు కంటబడింది. మోనికను పిలిచి కాగితాలు ముందు పెట్టాడు.

"మన టవరు మీద గాలి మిషను ఉంది కదా, దానికి ఒక్కరోజు కూడా ఈ సుడిగాలి దొరకలేదు. పోనీ, టవరు దూరం అనుకుందాం. దయ్యానికి ఆదివారం సెలవు ఎవరిచ్చారమ్మా?"

మోనిక కాగితాలు తిరగేసింది.

"రేపు నువ్వే పోయి చూడు. కంటితో చూస్తే సరే. లేదంటే ఎల్లుండి నుంచి ఆయన ఫోనూ బంద్, సైరనూ బంద్. రోజుకి నలభై నిమిషాల పని పోతోంది."

మర్నాడు ఫోను దగ్గర పక్క సీటు ధనంజయను కూర్చోబెట్టి, పన్నెండున్నరకు మోనిక ప్యానెల్ల నడుమ దారిలో నడిచింది. నడినెత్తిన ఎండ. నీడ కాళ్ళ కిందికి దూరిపోయింది. రెండు వైపులా నల్లటి అద్దాలు, వాటిలో ఇంకో ఆకాశం. పిట్ట అరుపు లేదు. ఎక్కడి నుంచో సన్నగా ఒక రొద, మిషన్లదని తెలుసు. తెలిసినా, ఎవరో నోరు మూసుకుని పాడుతున్నట్టుంది. ఆమె అడుగుల చప్పుడు అద్దాలకు తగిలి కాస్త ఆలస్యంగా వెనక వినిపించేది. ఆగితే, అది ఇంకొక అడుగు వేసి ఆగినట్టనిపించేది. ఏడో బ్లాకు బోర్డు దగ్గర ఆమె పరుగందుకుంది.

"నిలబడు పాపా! కదలొద్దు!"

బండ మీద నుంచి గొంతు. ఇంత గొంతున్న మనిషి గంపెడంత ఉంటాడనుకుంది. తీరా చూస్తే పిడికెడు ముసలాయన, చెవిలో పెన్సిలు, చేతిలో నోటుబుక్కు.

"మోనికమ్మ. తూర్పు నుంచి. వడిగా." రాసుకున్నాడు. "ఇప్పుడు రా."

దండెం మీద నల్ల గొంగడి, కట్టెకు వేలాడే గొర్రె గంట, గీతలు పెట్టిన సీసా, గూట్లో పన్నెండు నోటుబుక్కులు. మోనిక అన్నీ తడిమి తడిమి చూసింది. ఒంటిగంటయింది. గంట ఊగలేదు. గొంగడి కదలలేదు. ఒంటిగంటా పది కాగానే చిక్కన్న బీడీ వెలిగించాడు. పొగ దారం పోగులా నిటారుగా పైకి పోయింది. ఆయన ఫోను తీశాడు.

"ఎవరప్పా, ధనంజయనా? హొన్నమ్మ బయల్దేరింది. కొట్టు."

"తాతా, యాడుండాది? నాకేమీ కనబడలా."

"చూస్తాండు."

సైరన్ లేచింది. ఆ ఊళ అద్దాల మీద పడి నలుదిక్కులా పాకి, ఆగిపోయింది. తర్వాత ఏడో బ్లాకు వరసల్లో ఏదో కదిలింది. ఎర్రగా, పొడుగ్గా, మొహం లేకుండా ఒక ఆకారం బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి. కళ్ళు తప్ప అన్నీ కప్పుకుని, ఒళ్ళంతా ఎర్రమన్నుతో, మాటా పలుకూ లేకుండా, వరసగా బండ వైపే నడిచొస్తున్నాయి. మోనిక చిక్కన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తాతా, పద్నాలుగు మంది హొన్నమ్మలు!"

మొదటి ఆకారం బండ ఎక్కి, మొహానికి చుట్టుకున్న తువ్వాలు లాగేసింది.

"అన్నా, ఈరోజు మజ్జిగలో ఉప్పన్నా ఏస్తివా? నిన్న మరిచిపోతివి."

ప్యానెల్లు తుడిచే ఆడవాళ్ళ మేస్త్రి తిమ్మక్క. మిగతావాళ్ళూ తువ్వాళ్ళు విప్పి ఇంటి నీడలో కూలబడ్డారు. చిక్కన్న రెండు కుండలు ముందు పెట్టి చెంబుతో పోస్తున్నాడు. గీత అనే పిల్ల తడిగుడ్డ నెత్తిన కప్పుకుని గోడకు ఆనుకుంది.

"పోయినేడు ఈ పిల్లే ఒంటిగంటప్పుడు రెండు వరసల నడుమ పడిపోయింది" అంది తిమ్మక్క. "అరగంట ఎవురూ చూడలా. కనుక్కుండేది ఈ అన్నే."

మోనిక చిక్కన్న వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ నాతో అబద్ధాలు రాయించినావా తాతా?"

చిక్కన్న మొహం మాడిపోయింది. "ఒంటిగంటా పదిది ఒక్కటే పాపా. మిగతాది అక్షరం తప్పు లేదు. కాకులతో సహా."

"మేనేజరుకు చెప్పకూడదా?"

"చెప్తినే. ఎండకు పని ఆపే రూలు లేదన్నాడు. గాలికే ఉండాదంట. సరే, ఎండకు లేకపోతే గాలినే పిలుద్దామని..." తల గోక్కున్నాడు. "గాలి మన మాట ఇంటాదా? అందుకని హొన్నమ్మని పిలిస్తి."

ఫోను మోగింది. మేనేజరు.

"చూశావా?"

మోనిక నీడలో ఉన్నవాళ్ళను చూసింది. గీత చెంబు ఎత్తి గటగటా తాగుతోంది. వినని అంకె ఏనాడూ రాయని పిల్ల, గొంతు సవరించుకుంది.

"చూసినా సార్. ఏడో బ్లాకులోంచే వచ్చింది."

"ఎంతుంది?"

"పద్నాలుగు..." మింగేసింది. "పద్నాలుగు అడుగులు సార్."

"మరి ఆదివారం ఎందుకు రాదు?"

"అడగలేదు సార్."

మేనేజరు గొంతు తగ్గించాడు. "సరే, సరే. నువ్వు దాని దగ్గరికి పోవద్దు. సైరన్ ఉండనీలే" అని ఫోను పెట్టేశాడు.

తిమ్మక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నలభై నిమిషాలు కాగానే అందరూ తువ్వాళ్ళు చుట్టుకుని, మళ్ళీ మొహాలు లేనివాళ్ళయిపోయి, వరసల్లోకి వెళ్ళిపోయారు. మోనికా లేచింది.

అప్పుడు గంట మోగింది.

గొంగడి కదలడం లేదు. చిక్కన్న కొత్తగా వెలిగించిన బీడీ పొగ కూడా నిటారుగానే పోతోంది. గంట ఒక్కటే మోగుతోంది. ఏడో బ్లాకు పని అయిపోయి ఆడవాళ్ళు పోయింది పడమటికి. తూర్పున, ఏడో బ్లాకులో, ఎర్రటి దుమ్ము ఒకటి లేచింది. మనిషెత్తున, సన్నగా, కొంగు విసురుకుంటూ, వంకర్లు తిరుగుతూ, ఒక్కో వరసా దాటి వచ్చింది. ఆఖరి వరస దగ్గర ఆగింది. అక్కడే నిలబడి తిరుగుతోంది, ఎవరినో నిలదీయడానికి వచ్చినట్టు.

చిక్కన్న చేతిలోంచి నోటుబుక్కు జారింది. వెళ్ళి మోనిక వెనక నక్కాడు.

"నన్నడగకుండా నా పేరెందుకు వాడుకుంటివని వచ్చింది పాపా. కట్టె ఉండాదా చేతిలో? చూడు."

"కట్టె లేదు తాతా."

"అయితే అంత కోపంగా లేదులే." ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. "నువ్వు పొయ్యేది ఆ దారినే కదమ్మా. నా మాట ఇనదు గానీ, ఆడపిల్లవి, నువ్వు చెప్తే ఇంటాది. చిక్కన్న నీ పేరు ఊరికే వాడుకోలేదు, తిమ్మక్కోళ్ళ కోసమని చెప్పు."

"ఇంకేమన్నా చెప్పల్లా?"

చిక్కన్న వంగి నోటుబుక్కు తీసి దుమ్ము దులిపాడు. టైము చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎట్లాగూ వచ్చింది కదా, రేపట్నుంచి ఒంటిగంటా పదికి రమ్మను. నేను ఫోన్లో చెప్పేదీ, ఆమె వచ్చేదీ ఒక్కటిగా ఉండల్ల."