రిబ్బను కట్టిన ర్యాంపు

పదవీ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, ఒక కార్తీకమాసంలో, రాజమండ్రిలో జరిగే మూడు రోజుల చలనచిత్రోత్సవానికి నన్ను సుగమ్యతాధికారిగా నియమించారు. అప్పుడు నేను ప్రభుత్వ భవనాలు, వంతెనలు చూసే విభాగంలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుని. అంత పొడుగు హోదా పలికే ఓపిక లేక ఊళ్ళో అందరూ డి.ఇ. గారు అనేవారు. చక్రాల కుర్చీల్లో వచ్చేవారు, చూపు లేనివారు, వినికిడి లేనివారు కూడా మిగతా ప్రేక్షకుల్లాగే వచ్చి, సినిమా చూసి, ఇంటికి వెళ్ళేలా ఏర్పాట్లు చేయించడం సుగమ్యతాధికారి పని. ఉత్తర్వు అందుకున్న నాటికి నాకు గమ్యమూ తెలియదు, సుగమమూ తెలియదు. జరిగింది చెప్పేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. అన్ని అనర్థాలకూ మూలమైన ఆ ఎర్ర రిబ్బను ఎవరి ఆలోచనో చాలామందికి ఇప్పటికీ తెలియదు. నాదే.

ఇంజనీరుకు ఏ సమస్య చెప్పినా ముందు కాంక్రీటు కనబడుతుంది. ఆడిటోరియం ముందు మెట్లు మూడడుగుల ఎత్తున ఉన్నాయి. ర్యాంపుకు మా లెక్క ఒకటికి పన్నెండు. అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు వాలు ఉండాలి. అంతకంటే నిటారుగా కడితే కుర్చీ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు ఆగదు. ఊళ్ళో చాలా ర్యాంపులు స్కూటరు లోపల పెట్టుకోవడానికి కట్టుకున్నవి. వాటి మీద చక్రాల కుర్చీని వదిలితే నేరుగా గోదావరిలోకే. నేను మాత్రం లెక్క తప్పనివ్వలేదు. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చదునైన చోటు, పట్టుకోవడానికి రెండు ఎత్తుల్లో గొట్టాలు, చూపు లేనివారి కర్రకు దారి తెలిసేలా బుడిపెలున్న పసుపు పలకలు. సర్వీసులో వంతెనలు కట్టాను, కల్వర్టులు కట్టాను గానీ, ఇంత ముద్దొచ్చే పని ఎప్పుడూ చేయలేదు. ఆ వాలు చూసుకుని నేనూ కాస్త గర్వం వైపు వాలాను.

మా ఉద్యోగాల్లో ఒక ఆచారం ఉంది. కట్టడం పూర్తయితే పూర్తయినట్టు కాదు. ప్రారంభోత్సవం జరిగితేనే పూర్తయినట్టు. అప్పటిదాకా దాని మీద కాలు పెట్టకూడదు. సిద్ధమైన వంతెన ముఖ్య అతిథి తీరిక కోసం ఎదురుచూస్తుంటే, దాని పక్కనే జనం పడవల్లో దాటడం చూశాను. అందులో వింతేమీ కనబడలేదు కూడా. కాబట్టి ర్యాంపును ముఖ్య అతిథి చేత ప్రారంభింపజేద్దామని కమిటీ సమావేశంలో నేనే అన్నాను. రిబ్బను కూడా నేనే కట్టించాను, మూడడుగుల ఎత్తున, టేపు పెట్టి కొలిచి.

కమిటీ అధ్యక్షులు కామేశ్వరరావు గారు. మెయిన్ రోడ్డులో పెద్ద బట్టల దుకాణం. మంచి మనిషి, ఎదుటివారికి మర్యాద చేయకుండా ఉండలేని మనిషి. చిక్కంతా ఆ రెండో గుణంతోనే వచ్చింది. ‘మన మర్యాద ఏంటో వాళ్ళకు తెలియాలండీ, డి.ఇ. గారూ’ అని రోజుకోసారి అనేవారు. ర్యాంపు మీద మందపాటి ఎర్ర తివాచీ పరిపించారు. నా పసుపు పలకలు దానికింద సమాధి అయ్యాయి. తివాచీ మీద బంతిపూల రెక్కలు చల్లించారు. ర్యాంపు మొదట్లో కమిటీ ఆడవాళ్ళు చుక్కల ముగ్గు పెట్టారు. చక్రాల కుర్చీ తిరిగేటంత విశాలంగా నేను కట్టించిన మరుగుదొడ్డి ఆడిటోరియంలో అన్నింటికంటే శుభ్రమైన గది కాబట్టి, అందులో సన్మానాల శాలువాలు పెట్టి తాళం వేశారు. ఇదేంటండీ అని అడిగితే, శాలువాలు నలగకూడదు కదండీ అన్నారు. మనుషులు నలగడం గురించి ప్రత్యేకంగా ఏమీ అనలేదు.

మొదటిరోజు పొద్దున్నే భీమవరం నుంచి శిరీష వచ్చింది. రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో ల్యాబు ఉద్యోగం. చక్రాల కుర్చీ తన చేతులతో తనే నడుపుకుంటుంది. ఆ అమ్మాయి తీసిన పన్నెండు నిమిషాల సినిమాను ఆరోజు పదకొండు గంటలకు వేస్తారు. కథ చిన్నదే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే యంత్రం ఆగిపోతుంది. రొయ్యలకు ఊపిరాడదు. ఇంటిల్లిపాదీ చెరువులోకి దిగి, అన్నాల కంచాలతో నీళ్ళు కొడుతూ ఉంటారు.

‘ఆ కంచాల సీను దగ్గర జనం నవ్వుతారా లేదా అన్నది వినాలండి,’ అని నాతో చెప్పింది. ‘ఎడిటింగు చేస్తున్నప్పుడు నవ్వింది నేనొక్కదాన్నే. మా ఇంట్లో అయితే కంచాలు సొట్టపోయాయని ఏడ్చారు. నిండిన హాల్లో కూర్చుని వినాలి, అంతే సార్. అందుకే సెలవు పెట్టి వచ్చాను.’

రెండో ఆట లేదు. చిన్న సినిమాల న్యాయనిర్ణేతలు ఆ మధ్యాహ్నమే విమానానికి వెళ్ళాలి కాబట్టి కార్యక్రమం నిమిషం కూడా వెనక్కి జరగదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. తెలియనిదల్లా ముఖ్య అతిథికి.

ఆయన కోరుకొండ దర్శనానికి కొండెక్కారని మొదట కబురొచ్చింది. తర్వాత దిగారని వచ్చింది. ఆ తర్వాత, దారిలో ఎవరో ఇంటికి తీసుకెళ్ళి టిఫినుకు కూర్చోబెట్టారని తెలిసింది. మావైపు ఒకరింట్లో విస్తరి ముందు కూర్చున్నవాడు ఎప్పుడు లేవాలన్నది కూర్చున్నవాడి చేతిలో ఉండదు. ఈలోగా రిబ్బను ఇవతల, షామియానా కింద, చక్రాల కుర్చీలన్నీ వరసగా పెట్టి అందరికీ పెసరట్టు ఉప్మా పెట్టారు. అవగానే కాజాలు. అవగానే కాఫీ. అవగానే మళ్ళీ పెసరట్టు.

‘ఏవండీ, నేను సినిమా చూడ్డానికి వచ్చానండి,’ అంది శిరీష మూడో అట్టు దగ్గర.

‘చూద్దురుగానీ తల్లీ, ముందు తినండి,’ అన్నారు కామేశ్వరరావు గారు.

ఆ వరసలో జోసెఫ్ మాస్టారు కూడా ఉన్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, చూపు లేదు. చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఆయనకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు వాలంటీర్లను ఇచ్చారు. కాసేపు ఓర్చుకుని, ‘బాబూ, నాకు లేనివి కళ్ళు. కాళ్ళు కావు,’ అని చేతులు విదిలించుకుని, కర్రతో మెట్లు తడుముకుంటూ మామూలు మనిషిలా లోపలికి వెళ్ళిపోయారు. మెట్లకు రిబ్బను లేదు.

పదకొండు కావస్తోంది. నలుగురు కుర్రాళ్ళు శిరీషను కుర్చీతో సహా మెట్ల మీదుగా ఎత్తుకెళ్తారని అధ్యక్షులవారు ప్రతిపాదించారు. ఫొటోగ్రాఫరు అప్పటికే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

‘ఎత్తుకెళ్ళడానికి నేను ఉత్సవ విగ్రహాన్ని కాదండి,’ అంది శిరీష. ‘పక్కన ర్యాంపు ఉంది కదా.’

‘అది ఇంకా ప్రారంభం కాలేదమ్మా.’

ఆ మాట అన్నది అధ్యక్షులవారు కాదు. నేను. నా నోట్లోంచి వచ్చాక గానీ అది ఎంత అందంగా ఉందో నాకు తెలియలేదు. రిబ్బను ఎంత ఎత్తుందని శిరీష అడిగింది. మూడడుగులు అన్నాను. తల వంచితే కుర్చీ దాటుతుందా అంది. దాటుతుందన్నాను. కామేశ్వరరావు గారు కంగారుపడ్డారు. తెగినా తెగకపోయినా ముందు ఒకరు దాటేస్తే ముఖ్య అతిథి మనసు నొచ్చుకోదా అని ఆయన బాధ. అప్పుడు ముప్పై ఏళ్ళ సర్వీసు నాకు అక్కరకొచ్చింది.

వంతెనను జనానికి వదిలేముందు ఇసుక బస్తాల లారీలను దాని మీద నిలబెట్టి, ఎంత కుంగిందో, లారీలు తీశాక ఎంత లేచిందో కొలుస్తాం. దాన్ని లోడ్ టెస్ట్ అంటాం. అది ప్రారంభోత్సవానికి ముందే జరగాలి. ఆ పరీక్ష కాని కట్టడం మీదకు ముఖ్య అతిథిని ఎక్కిస్తే నా ఉద్యోగానికే ముప్పని, ర్యాంపుకు ఆ పరీక్ష ఇంకా మిగిలే ఉందని గంభీరంగా చెప్పాను.

‘ముందే చెప్పాల్సిందండీ, మా దుకాణం కుర్రాళ్ళను తెప్పించేవాణ్ణి కదా,’ అని నొచ్చుకున్నారు అధ్యక్షులవారు.

‘అంటే నేను ఇసుక లారీనన్నమాట,’ అంది శిరీష. తల వంచి రిబ్బను కింద నుంచి దూరింది.

మిగతా కుర్చీలు కూడా లారీల వరసలా కదిలాయి. ముగ్గు చెదిరినందుకు ఆడవాళ్ళు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు. నా ఒకటికి పన్నెండు లెక్క కాంక్రీటుకే గానీ తివాచీకి కాదని నాలుగడుగులు వెళ్ళేసరికి తెలిసింది. మెత్తటి తివాచీలో చక్రం కూరుకుపోయి, ముందు మడతలు పడుతోంది. మడత దాటితే బంతిపూలు జారుతున్నాయి. శిరీష చేతుల నరాలు తేలాయి. నేను వెనక నుంచి తోయబోయాను.

‘చెయ్యి తీసేయండి సార్. టెస్టు చెల్లదు.’

లోపలికి వెళ్ళేసరికి చక్రాల కుర్చీలకని ఖాళీ ఉంచిన చోట తెల్ల తువ్వాళ్ళు కప్పిన సోఫాలు వేసి ఉన్నాయి. వాటిని జరిపించేలోగా దీపాలు ఆరాయి, సినిమా మొదలైంది. హాలు నిండుగా ఉంది. తెర మీద కరెంటు పోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. శిరీష కుర్చీ పక్కలను పట్టుకుని కొద్దిగా ముందుకు వంగింది. కంచాల సీనుకు ఇంకా నిమిషం ఉందనగా, మైకులో ప్రకటన వచ్చింది. ముఖ్య అతిథి విచ్చేశారు, ర్యాంపు ప్రారంభోత్సవానికి ప్రేక్షక మహాశయులందరూ బయటకు రావలసిందిగా ప్రార్థన.

మావైపు పిలిస్తే రామని అనడం మర్యాద కాదు. హాలంతా లేచింది. న్యాయనిర్ణేతలను ముందు తీసుకెళ్ళారు. సినిమా ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నడుస్తూనే ఉంది. ఒక వాలంటీరు పరుగెత్తుకొచ్చి, రిబ్బను కత్తిరించగానే ర్యాంపు మొట్టమొదట ఎక్కడానికి శిరీష గారిని కిందికి దిగి రమ్మంటున్నారని చెప్పాడు.

‘నేను పైన ఉన్నాను కదండీ,’ అంది ఆ అమ్మాయి తెర మీంచి చూపు తిప్పకుండా.

మిగతా లారీలు కూడా పైనే ఉండిపోవడంతో కింద చక్రాల కుర్చీలో కూర్చునేవారు ఎవరూ లేకపోయారు. చివరికి స్వాగతద్వారం దగ్గర పెట్టిన ఖాళీ కుర్చీలో కామేశ్వరరావు గారే కూర్చున్నారట. వాలంటీర్లు తోశారు, ముఖ్య అతిథి పూలు చల్లారు, జనం చప్పట్లు కొట్టారు. ఆ ఫొటో మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. ఆయన ముఖంలో నిజంగానే కృతజ్ఞత కనబడింది.

ఆ చప్పట్లు లోపలికి వినబడుతుండగా తెర మీద ఒక తాతగారు కంచంతో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. సోఫాల మధ్య ఇరుక్కున్న ఆ నాలుగైదు కుర్చీలవాళ్ళు తమ కుర్చీలు విడిపించుకునే పనిలో ఉన్నారు. వెనక వరసలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న జోసెఫ్ మాస్టారు పెద్దగా నవ్వారు. చూపు లేనివారి కోసం ఒక అమ్మాయి హాలు చివర బల్ల దగ్గర కూర్చుని, తెర మీద జరిగేది మాటల్లో చెబుతుంటే ఆ ఇయర్‌ఫోన్లలో వినబడుతుంది. ఒక క్షణం ఆగి నేనూ నవ్వాను.

దీపాలు వెలిగాక శిరీష నా వైపు తిరిగింది.

‘మాస్టారిది నవ్వు సార్. మీది మర్యాద.’

మళ్ళీ ఒక్కసారి ఆ సినిమా వేయించమని రెండు రోజులూ కమిటీని బతిమాలాను. వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఈలోగా నేనే తివాచీ చుట్టబెట్టించి, శాలువాలను బయటకు మోయించి, మరుగుదొడ్డిని దాని అసలు పనికి అప్పగించాను. వృత్తిపరంగా ఆ మూడు రోజులు నాకు నేర్పింది కొంచెమే. వాడుకోవలసినవారిని అడక్కుండా చేసినది ఏర్పాటు కాదు, అలంకారం. కట్టడం పూర్తయ్యేది మొదటి మనిషి దాన్ని వాడినప్పుడు. మిగిలిన సర్వీసులో నేను కట్టించిన వేటికీ రిబ్బను కట్టలేదు. అడిగినవాళ్ళకు కొలతలు కుదరలేదని చెప్పాను.

నేర్చుకోవడం అయ్యాక ప్రతీకారం మిగిలింది. మూడోరోజు సాయంత్రం ముగింపు సభ, దానికీ ఆ ముఖ్య అతిథే. సినిమాలు అయిపోయాయి కాబట్టి వివరణ చెప్పే అమ్మాయి రైలుకు వెళ్ళిపోయింది. నేను కార్యక్రమ పత్రం తీసి చూశాను. ముగింపు సభ కూడా ఉత్సవంలో ఒక అంశమే. చూపు లేని ప్రేక్షకులు ఇంకా హాల్లోనే ఉన్నారు. కాబట్టి వివరణ ఉండి తీరాలని సుగమ్యతాధికారి హోదాలో నిర్ణయించాను. శిరీషను ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్ళి మైకు ఇచ్చాను.

‘ఏం చెప్పాలండి?’

‘ఉన్నది ఉన్నట్టు. ఏదీ వదలొద్దమ్మా.’

నేనూ ఒక జత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జోసెఫ్ మాస్టారి పక్కన కూర్చున్నాను.

‘అధ్యక్షులవారు లేచారు,’ అంది నా చెవిలో శిరీష గొంతు, తాపీగా. ‘మైకు ఎత్తు సరిచేస్తున్నారు. సరిచేశారు. ఇందాకటి ఎత్తుకే వచ్చింది. ముఖ్య అతిథికి శాలువా కప్పుతున్నారు. కిందటి శాలువా ఇంకా తీయలేదు. ఇంకొకటి వస్తోంది. ఇప్పుడు మెడ కనబడటం లేదు. పైన తల, కింద సోఫా, మధ్యలో బట్టల దుకాణం.’

మాస్టారు ఫక్కున నవ్వారు. ఆ వరసంతా నవ్వింది. ముందు వరసలవాళ్ళు ఏంటో అని వెనక్కి తిరిగారు, తిరిగినవాళ్ళు వచ్చి ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకున్నారు. ఒక్కో జతకు ఇద్దరేసి చెవులు ఆన్చారు.

‘ఇప్పుడు ముఖ్య అతిథి అధ్యక్షులవారికి శాలువా కప్పారు. బహుశా అది వాళ్ళ దుకాణంలోదే. క్షేమంగా ఇల్లు చేరుతోంది.’

నవ్వు హాలు సగందాకా పాకింది. వేదిక మీద కామేశ్వరరావు గారు తన ప్రసంగంలో చమత్కారం పండిందనుకున్నారు. ముఖం వెలిగిపోయి, చేతిలోని కాగితం పక్కన పెట్టి, సొంతంగా అందుకున్నారు. శిరీష ఆగింది. నవ్వు పూర్తిగా అణిగేదాకా, తల కొంచెం పక్కకు వంచి, వింటూ ఉంది. అప్పుడు తర్వాతి మాట చెప్పింది.

మర్నాడు పొద్దున అధ్యక్షులవారు ఫోను చేశారు.

‘డి.ఇ. గారూ, నిన్న మీవాళ్ళు నా ప్రసంగం ఎంత ఆనందించారండీ. కళ్ళు లేకపోయినా ఆ రసజ్ఞత చూడండి. వచ్చే ఏడాది ఇంకో అరగంట పెంచుదామంటారా?’

పెంచండి అన్నాను. వివరణకు మనిషిని ఇప్పుడే మాట్లాడి ఉంచుతానన్నాను.